ఆక్సైడ్ స్ఫటికంలో ఎలక్ట్రాన్ గెంతడం ఎంత కష్టమో ఇంట్లోనే కొలవడం ఎలా?

లోహపు ఆక్సైడ్ అనగానే తుప్పు గుర్తొస్తుంది, కరెంటు పారదనుకుంటాం. ఏ లోపమూ లేని నికెల్ ఆక్సైడ్ ఆకుపచ్చగా ఉంటుంది, కరెంటును దాదాపు పారనివ్వదు. అందులో కొన్ని నికెల్ పరమాణువులు తమ చోట్లలో లేకపోతే రంగు నల్లబడుతుంది, కరెంటు పారడం మొదలవుతుంది. ఇలాంటి ఆక్సైడ్‌లో ఎలక్ట్రాన్ ఒక అయాన్ (ఆవేశం ఉన్న పరమాణువు) నుంచి ఇంకో దానికి గెంతితేనే కరెంటు పారుతుంది. ఆ గెంతును కొలవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు.

కావాల్సింది నిరోధం కొలవడానికి ఒక మల్టీమీటర్, ఒక ఎన్‌టీసీ థర్మిస్టర్ (వేడెక్కే కొద్దీ నిరోధం తగ్గే ఆక్సైడ్ పూస). విశాఖలో డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో "10 కే, 3950" అని అడగండి. 10 కే అంటే 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌ల నిరోధం, 3950 ఏమిటో చివర లెక్కలో తేలుతుంది. స్టీలు గొట్టంలో బిగించినదే తీసుకోండి. విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఐసులో పెట్టిన మామూలు పూసకు చెమ్మ పడుతుంది. అప్పుడు మీరు స్ఫటికంతో పాటు ఆ తడిని కూడా కొలిచేస్తారు.

లోపల ఉండేది ఎక్కువగా మాంగనీస్, నికెల్ వంటి లోహాల ఆక్సైడ్. నికెల్ చేరడం వల్ల కొన్ని మాంగనీస్ అయాన్లకు +3 ఆవేశం, కొన్నింటికి +4 ఆవేశం వస్తుంది. మూడున్న దాని నుంచి నాలుగున్న దానికి ఎలక్ట్రాన్ గెంతుతుంది. అన్నింటికీ ఒకటే ఆవేశం ఉంటే గెంతడానికి చోటే దొరకదు. ప్రతి గెంతుకూ కాస్త వేడి కావాలి. అందుకే వేడెక్కితే రాగి తీగలోలా నిరోధం పెరగదు, పడిపోతుంది. గది వేడిమి దగ్గర డిగ్రీకి దాదాపు 4 శాతం తగ్గుతుంది. నాకు ఈ ప్రయోగం ఇష్టం అందుకే: కంటికి కనపడని గెంతు మీటరు మీద అంకెగా కనిపిస్తుంది.

ముందు ఐసు ముక్కలు నలగ్గొట్టి, తాగే నీళ్లు పోసి బాగా కలపండి. ఉప్పగా ఉండే బోరు నీళ్లు వద్దు, ఉప్పు కలిస్తే వేడిమి సున్నా కన్నా కిందికి దిగుతుంది. గొట్టం ముంచి, మీటరు అంకె నిలకడగా ఆగేదాకా ఉండి రాసుకోండి. సుమారు 33.6 కిలో ఓమ్‌లు, అంటే 33,600 ఓమ్‌లు రావాలి. తీగ చివరలను వేళ్లతో పట్టుకోవద్దు, మీ ఒంట్లోంచి కూడా కరెంటు పారి అంకె తగ్గుతుంది.

తర్వాత గొట్టాన్ని మరిగే నీళ్లలో ముంచండి. ఆవిరి దగ్గర చెయ్యి జాగ్రత్త, పిల్లలు చేస్తుంటే పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. విశాఖ సముద్రమట్టానికి దగ్గరలో ఉంది కాబట్టి నీళ్లు 100 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అరకులో చేస్తే 97 అని వేసుకోవాలి. మీటరు 700 ఓమ్‌ల దగ్గర ఆగుతుంది.

ఇక లెక్క. 33,600ను 700తో భాగిస్తే 48. దాని సహజ సంవర్గమానం (కాలిక్యులేటర్‌లో ln) 3.87. రెండు వేడిమిలనూ కెల్విన్‌లోకి మార్చి (273, 373), 1/273 నుంచి 1/373 తీసేస్తే 0.00098. 3.87ను దీంతో భాగిస్తే సుమారు 3,950 వస్తుంది. షాపులో మీరు అడిగిన అంకె ఇదే. దీన్ని వేడిమిని శక్తిగా మార్చే బోల్ట్స్‌మన్ స్థిరాంకం 0.0000862తో గుణిస్తే 0.34 ఎలక్ట్రాన్ వోల్ట్ (చాలా చిన్న శక్తి కొలమానం). ఎలక్ట్రాన్ ఒక్క గెంతుకు కావలసిన శక్తి దాదాపు అంత.

మీ అంకె 3,950కి బాగా దూరంగా ఉంటే ముందు ఐసు కొలతనే మళ్లీ తీయండి. తీగ చివరలు తడిశాయేమో తుడిచి, ఆరాక చూడండి.