టైర్ల దుకాణంలో వీల్ స్టడ్డు దెబ్బతింటే ఏం చేయాలి

గత వేసవిలో నల్లగొండ నుంచి దేవరకొండ వెళ్తుండగా కొండమల్లేపల్లికి ఇవతల మా కారు ఎడమ ముందు చక్రం పంచరైంది. స్టెప్నీ, జాకీ, వీల్ పానా అన్నీ ఉన్నాయి కాబట్టి పావుగంట పని అనుకున్నాను. మొదటి రెండు నట్లు పానా మీద కాలు పెట్టి తొక్కితే గాని వదలలేదు. మూడోది నాలుగు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది. ఇంకొంత బలం పెట్టగానే స్టడ్డుతో సహా (నట్టు ఎక్కే మరల కడ్డీనే స్టడ్డు అంటారు) విరిగి పానాలోకి వచ్చింది. అంతకు పదిహేను రోజుల ముందే ఊళ్లో ఒక దుకాణంలో నాలుగు టైర్లూ మార్పించాను. ఆ తర్వాత ఆ చక్రాన్ని ఎవరూ విప్పలేదు. అప్పటి నుంచి ఈ విషయాన్ని శ్రద్ధగా తెలుసుకున్నాను. ఇలాంటి నష్టం ఎలా జరుగుతుందో, జరిగితే ఏం చేయాలో కారున్న ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలని ఇది రాస్తున్నాను.

కారు బరువును స్టడ్డులే మోస్తాయని చాలామంది అనుకుంటారు. నిజానికి నట్టు బిగించినప్పుడు స్టడ్డు అతి స్వల్పంగా సాగి, స్ప్రింగులాగా వెనక్కి లాగుతూ, చక్రాన్ని హబ్‌కు, అంటే స్టడ్డులు అమర్చి ఉండే ఇరుసు చివరి భాగానికి, అదిమి పట్టి ఉంచుతుంది. ఆ అదుముడు వల్ల పుట్టే రాపిడే చక్రాన్ని కదలకుండా నిలుపుతుంది. బిగింపు తక్కువైతే చక్రం హబ్ మీద సూక్ష్మంగా కదులుతూ స్టడ్డును అటూ ఇటూ వంచి అలసిపోయేలా చేస్తుంది. ఎక్కువైతే స్టడ్డు తిరిగి రాలేనంతగా సాగిపోతుంది. అందుకే తయారీదారు ప్రతి కారుకూ ఒక టార్క్, అంటే నట్టును తిప్పి బిగించే బలం, నిర్ణయిస్తాడు. చిన్న, మధ్య తరహా కార్లలో అది ఎక్కువగా 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ కారుది ఎంతో ఓనర్ మాన్యువల్‌లో చూసుకోవాలి. 70 కిలోల మనిషి 30 సెంటీమీటర్ల పానా చివర నిలబడితే దాదాపు 206 న్యూటన్ మీటర్లు పడుతుంది. దుకాణాల్లో గాలి ఒత్తిడితో నట్లు తిప్పే గన్ను దానికంటే చాలా ఎక్కువ కూడా వేయగలదు. అంటే దుకాణంలో కుర్రాడు గన్నుతో బిగించి, ఆపైన పానా ఎక్కి తొక్కితే, అది మన భద్రత కోసం చేసిన పనిలా కనిపిస్తుంది గాని స్టడ్డుకు అదే చేటు.

అయితే దుకాణాల్లో ఎక్కువ నష్టం జరిగేది చివరి బిగింపులో కాదు, మొదటి చుట్టులో. నట్టును చేత్తో నాలుగైదు చుట్లు ఎక్కించకుండా నేరుగా గన్నులో పెట్టి స్టడ్డు మీద ఆన్చి నొక్కితే, నట్టు కొంచెం వంకరగా ఎక్కినా గన్ను ఆగదు. ఉన్న మరలను చెరిపి కొత్త దారి కోసుకుంటూ పోతుంది. మెకానిక్కులు థ్రెడ్ పోయింది అనేది దీన్నే. వేరే కారు నట్లు కలిసిపోయినా ఇదే జరుగుతుంది. మారుతి కార్ల స్టడ్డులూ, హ్యుందాయ్, టొయోటా, హోండా కార్ల స్టడ్డులూ చూడటానికి ఒకటే 12 మిల్లీమీటర్ల లావుంటాయి; కానీ మారుతి వాటిలో మరకూ మరకూ మధ్య దూరం సాధారణంగా 1.25 మిల్లీమీటర్లు, మిగతా వాటిలో 1.5. ఒకదాని నట్టు మరోదానికి ఒకటి రెండు చుట్లు ఎక్కి పట్టేస్తుంది. ఇక స్టడ్డుకు నూనె, గ్రీజు రాయడం మేలు అనుకునేవారూ ఉన్నారు. నూనె వల్ల రాపిడి తగ్గి, అదే టార్క్‌కు స్టడ్డు మరింత సాగుతుంది. తయారీదారు చెప్పకపోతే రాయకూడదు.

కాబట్టి చక్రాలు ఎక్కిస్తున్నప్పుడు టీ తాగడానికి వెళ్లకుండా పక్కనే నిలబడండి. "మొదట చేత్తో ఎక్కించు తమ్మీ, గన్ను తర్వాత" అని మర్యాదగా చెబితే కాదనేవారు తక్కువ. చేత్తో తిరగని నట్టును బలవంతంగా తిప్పనివ్వకండి. నట్టు ఎంత తిప్పినా బిగియకుండా మెత్తగా తిరుగుతూనే ఉంటే స్టడ్డు సాగిపోయింది, లేదా మర పోయింది, లేదా స్టడ్డే హబ్‌లో తిరుగుతోంది అని అర్థం. నట్టు అడుగున మెరిసే ఇనుప పొడి కనిపించినా అనుమానించాలి. అక్కడే బయటపడితే సగం గొడవ తీరినట్టే. బండి కదలకముందే యజమానిని పిలిచి చూపించండి.

నాలాగా దారిలో తెలిస్తే ముందు చూడాల్సింది ప్రాణం. నాలుగు స్టడ్డుల కారులో ఒకటి పోతే పావు వంతు పట్టు పోయినట్టు. ఆ కారును ప్రయాణానికి వాడకూడదు. ఐదు ఉన్నదైనా మెల్లగా, దగ్గరలోని షెడ్డు వరకే. 65, 44 వంటి జాతీయ రహదారుల మీద ఉంటే 1033కు ఫోన్ చేసి సాయం అడగవచ్చు.

ఆ తర్వాత ఆధారాలు. విరిగిన ముక్కనూ నట్టునూ విడదీయకుండా ఒక కవరులో దాచండి. విరిగిన ముఖం మొత్తం కొత్తగా మెరుస్తుంటే అది అప్పుడే విరిగిందని, కొంత భాగం తుప్పు పట్టి ఉంటే అంతకుముందే పగులు ఉందని తెలుస్తుంది. నట్టు లోపల చుట్టుకుపోయిన మర ముక్కలుంటే అది వంకరగా ఎక్కించిన గుర్తు. నంబరు ప్లేటు, ఓడోమీటరు, అన్ని స్టడ్డులు కనిపించేలా ఫొటోలు తీయండి. నా దగ్గర బిల్లు లేదు, తీసుకోకపోవడం నా తప్పు. యూపీఐ చెల్లింపు వివరమే తేదీకి సాక్ష్యమైంది. బాగు చేయించే ముందే మరో మెకానిక్కుతో కారణం, ఖర్చు అంచనా కాగితం మీద రాయించుకోండి.

దుకాణానికి వెళ్లినప్పుడు గన్ను పట్టిన కుర్రాడి మీద కోపం చూపకండి, మాట్లాడాల్సింది యజమానితో. "అది ముందే తుప్పు పట్టి ఉన్నది సార్" అన్నాడు ఆయన మొదట. పాత కార్లలో ఆ మాట నిజం కూడా కావచ్చు, అందుకే విరిగిన ముక్క చూడకుండా ఎవరూ తీర్పు చెప్పకూడదు. నేను నట్టు లోపలి మర చూపించాక స్టడ్డుల ఖర్చు, కూలీ ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే జరిగింది, తేదీ, కోరే మొత్తం రాసి, పదిహేను రోజుల గడువుతో యజమానికి స్పీడ్ పోస్టులో పంపాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం దుకాణం ఎక్కడున్నా మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు. నష్టం జరిగిన నాటి నుంచి 2 ఏళ్లలోపు వేయాలి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

మరమ్మతు విషయంలో రాజీ పడకండి. చెడిన మరను డైతో (మర కోసే పనిముట్టు) కోసి సరిచేస్తామంటే ఒప్పుకోవద్దు. ఇనుము తరిగిన స్టడ్డు బలహీనమే. స్టడ్డు మార్చాలి, దాని నట్టూ మార్చాలి. లారీల నిర్వహణలో ఒకటి విరిగితే ఇరుపక్కల ఉన్నవీ, రెండు విరిగితే ఆ చక్రానివి అన్నీ మార్చడం పాటిస్తారు, ఎందుకంటే విరిగినదాని భారం పక్కవాటి మీద పడి ఉంటుంది. అదే దుకాణంలో అదే గన్ను ఆ చక్రం నట్లు నాలుగింటినీ బిగించింది కాబట్టి నేను నాలుగు స్టడ్డులూ మార్పించాను. పాతదాన్ని హబ్ వెనక్కి కొట్టి తీసి, కొత్తదాన్ని వెనుక నుంచి పెట్టి, ప్రెస్సుతో గాని, వాషర్లు వేసి పాత నట్టుతో మెల్లగా లాగి గాని తల పూర్తిగా ఆనేదాకా కూర్చోబెట్టాలి. కొన్ని కార్లలో వెనుక స్టడ్డు దూరే చోటు ఉండదు, హబ్ విప్పాల్సి వస్తుంది. అప్పుడు బేరింగు దెబ్బతినవచ్చు, కాబట్టి ఆ ఖర్చు కూడా ముందే అంచనాలో రాయించండి. స్టడ్డు ఖరీదు తక్కువే, ఎక్కువయ్యేది కూలీ. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా వంటి కార్లలో స్టడ్డులు ఉండవు, బోల్టులు నేరుగా హబ్‌లోకి ఎక్కుతాయి. అక్కడ మర పోతే దెబ్బ హబ్‌కే.

నట్లను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించి, చక్రం నేల మీద ఆనాక టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) ముగించాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూడాలి. నల్లగొండ నుంచి హైదరాబాద్ చేరేసరికే ఆ దూరం దాదాపు పూర్తవుతుంది, కాబట్టి తిరుగు ప్రయాణం మొదలుపెట్టే ముందే, చక్రాలు చల్లారాక, అన్ని నట్లకూ రెంచ్ పెట్టి చూడండి.