తుపాకీ పాఠాలు, మూడో భాగం: బక్‌షాట్‌కి ఏ చోక్?

పోయిన పాఠంలో చోక్ ఏం చేస్తుందో చూశాం, బ్యారెల్ మూతి దగ్గర కాస్త ఇరుకు చేస్తే గుండ్లు తొందరగా చెదిరిపోకుండా గుంపుగా వెళ్తాయి. ఈసారి బక్‌షాట్, అంటే జింకలాంటి జంతువులకి వాడే పెద్ద గుండ్ల తూటా సంగతి. అమెరికా జార్జియా రాష్ట్రంలో ఉంటున్న మన పుత్తూరు తమ్ముడొకడు అక్కడ లైసెన్సు తీసుకుని తెల్లతోక జింకల వేటకి వెళ్తున్నాడు, "ఫుల్ చోక్ పెడితే ఇంకా దూరం కొట్టొచ్చు కదన్నా" అని అడిగాడు. చాలామంది అలాగే అనుకుంటారు, బక్‌షాట్ దగ్గర మాత్రం ఆ లెక్క తరచూ తప్పుతుంది.

ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇదంతా వేటకి అనుమతి ఉన్న దేశాల సంగతి. మన శేషాచలంలోనైనా, పలమనేరు వైపు కౌండిన్య అడవిలోనైనా దుప్పినో కణితినో వేటాడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉన్నంత మాత్రాన మినహాయింపు లేదు. అమెరికాలో కూడా కొన్ని రాష్ట్రాల్లో జింకకి బక్‌షాట్ వాడనివ్వరు, ఒంటి గుండు స్లగ్ మాత్రమే, కాబట్టి అక్కడి రూల్స్ చదివాకే తూటాలు కొనండి.

12 బోర్ నాళం లోపలి వ్యాసం సుమారు 18.5 మి.మీ. చోక్‌ల్లో తక్కువ బిగువున్న ఇంప్రూవ్డ్ సిలిండర్ దాన్ని పావు మిల్లీమీటరు బిగిస్తుంది, మధ్యరకం మాడిఫైడ్ అర, బాగా బిగువైన ఫుల్ దాదాపు 0.9. ఇప్పుడు డబుల్ ఆట్ (00 అని రాసే బక్‌షాట్ సైజు) గుండు తీసుకోండి, వ్యాసం 8.4 మి.మీ. మామూలు రెండుముప్పావు అంగుళాల తూటాలో ఇవి 9 ఉంటాయి, మూడేసి చొప్పున మూడు వరసలు. మూడు గుండ్లు త్రిభుజంలా ఒకదానికొకటి ఆనుకుని ఒకే వరసలో పట్టాలంటే ఎంత చోటు కావాలో తెలియాలంటే వ్యాసాన్ని 2.15తో గుణించండి, 18 మి.మీ. పైన వస్తుంది. ఇంప్రూవ్డ్ సిలిండర్‌లో పడతాయి, మాడిఫైడ్‌లో అంచున ఉంటాయి, ఫుల్ చోక్‌లో 17.6 మాత్రమే ఉంది కాబట్టి నలగకుండా బయటికి రాలేవు. సీసం మెత్తన, నలిగితే సొట్టపడుతుంది, సొట్టపడ్డ గుండు గాల్లో దారి తప్పుతుంది. అదే నంబర్ 1 బక్ (ఇంకాస్త చిన్న సైజు) అయితే 7.6 మి.మీ., వరసకి మూడే ఉంటే ఫుల్‌లో కూడా వాటికి చోటు ఉంటుంది. గుండ్లని ప్లాస్టిక్ కప్పులో పెట్టిన తూటాలైతే ఆ కప్పు మందం కూడా కలుపుకోండి. టర్కీ కోడికి వాడే అతి బిగువు చోక్‌లు దీనికి అసలు వద్దు.

లెక్క దారి చూపిస్తుంది కానీ తేల్చేది కాగితమే. ప్రతి తుపాకీకీ ఒక్కో తూటా నచ్చుతుంది, పక్కవాడి మాట పనికిరాదు. పెద్ద కాగితం మీద 10 అంగుళాల వలయం గీయండి, జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు అంతే. వేటకి తీసుకెళ్లే తూటాతోనే, మాడిఫైడ్‌తో మొదలుపెట్టి, 25, 30, 35 గజాల్లో కాల్చి చూడండి, ఒక్క దెబ్బ చూసి నమ్మొద్దు, ఒక్కో దూరంలో కనీసం మూడు. తర్వాత ఇంప్రూవ్డ్ సిలిండర్‌తో మళ్లీ. 9లో 8 గుండ్లు వలయంలో పడే చివరి దూరమే మీ హద్దు, నా మట్టుకు నేను ఇందులో రాజీ పడను, ఎందుకంటే బయటికి పోయిన గుండు కడుపులో దిగితే ఆ జంతువు పొదల్లోకి పారిపోయి గంటలకొద్దీ నరకం పడుతుంది.

చోక్ మార్చేముందు తుపాకీ తెరిచి, తూటాలు లేవని కంటితోనూ వేలితోనూ చూసుకోండి. చోక్ విప్పేసి ఉత్త బ్యారెల్‌తో కాల్చారంటే లోపలి మరలు పాడవుతాయి. వచ్చే భాగంలో పాత జోడు నాళాల తుపాకుల సంగతి చూద్దాం, వాటి చోక్ మార్చడానికి రాదు కాబట్టి తూటానే మార్చుకోవాలి.