బయోటెక్, హెల్త్‌కేర్ కేస్ పోటీకి ఎలా సిద్ధం కావాలి?

షికాగోకు ఉత్తరాన, మిషిగన్ సరస్సు ఒడ్డున ఎవన్‌స్టన్ అనే ఊరుంది. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన కెలాగ్ బిజినెస్ స్కూల్ అక్కడే ఉంది. ఆ స్కూలు బయోటెక్, హెల్త్‌కేర్ రంగాల కోసమే ప్రత్యేకంగా ఒక కేస్ పోటీ నిర్వహిస్తూ వస్తోంది. ఆబట్, ఆబ్‌వీ, బాక్స్‌టర్ అనే మందుల, వైద్య ఉత్పత్తుల కంపెనీల ప్రధాన కార్యాలయాలు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి కాబట్టి ఇలాంటి పోటీకి అది తగిన చోటు. ఒక మందు, ఒక కంపెనీ, ఒక చిక్కు చేతిలో పెట్టి ‘మీరైతే ఏ నిర్ణయం తీసుకుంటారు?’ అని అడగడమే ఈ పోటీల తీరు. మన దగ్గర ఫార్మసీయో బయోటెక్నాలజీయో చదివి అమెరికాలో పైచదువులకు చేరినవారికి ఇందులో మంచి అవకాశం ఉంది. వ్యాపారం తెలియదని వెనకాడవలసిన పని లేదు.

1. జట్టును కలగలుపుగా కూర్చండి

నలుగురూ ఎంబీఏ వాళ్ళే అయితే ట్రయల్ (మందును మనుషుల మీద పరీక్షించడం) ఫలితాలు చదవలేక తడబడతారు. నలుగురూ పరిశోధకులైతే మందు ఎలా పనిచేస్తుందో చెప్పడంతోనే సమయమంతా గడిచిపోతుంది. ప్రయోగశాల తెలిసినవారు ఒకరు, లెక్కలు వేసేవారు ఒకరు, వైద్యమో ఫార్మసీయో చదివినవారు ఒకరు ఉండేలా చూసుకోండి. జట్టులో ఎంతమంది ఉండాలి, ఎవరు అర్హులు అనే నిబంధనలు పోటీని బట్టి మారతాయి. వాటిని ముందే చదవండి.

2. అసలు ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

కేసులో పేజీలకొద్దీ సమాచారం ఉంటుంది. అడిగింది మాత్రం ఒకటే: ఈ మందు హక్కులను కంపెనీ కొనాలా, ధర ఎంత పెట్టాలి, ముందు ఏ జబ్బుకు పరీక్షించాలి, ఇలా ఏదో ఒకటి. ఆ వాక్యాన్ని కాగితం మీద రాసి అందరికీ కనబడేలా గోడకు అంటించండి. జట్టులో ప్రతి ఒక్కరూ దాన్ని ఒకే మాటల్లో చెప్పగలిగేదాకా స్లైడ్ల జోలికి వెళ్ళవద్దు.

3. మందు రాసేదెవరు, వాడేదెవరు, డబ్బు కట్టేదెవరు?

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. సబ్బు కొనేవారే సబ్బు వాడతారు. మందుల సంగతి అలా కాదు. డాక్టరు రాస్తారు, రోగి వాడతారు, డబ్బులో పెద్ద వాటా బీమా కంపెనీయో, మెడికేరో (ముఖ్యంగా వృద్ధుల కోసం అమెరికా ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) కడుతుంది. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు కాదన్నా మందు అల్మారాలోనే ఉండిపోతుంది.

ఫైజర్ వారి ఎక్సుబెరా కథ చూడండి. అది ముక్కుకో చర్మానికో కాదు, నోటితో లోపలికి పీల్చుకునే ఇన్సులిన్. సూది బాధ తప్పుతుందంటే ఎవరు వద్దంటారు? 2006 జనవరిలో అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అయితే మొదలుపెట్టే ముందు రోగికి ఊపిరితిత్తుల పరీక్ష చేయాలి కాబట్టి డాక్టరుకు అదనపు పని పడింది. పీల్చే పరికరం పెద్దది, నలుగురిలో బయటకు తీయడం ఇబ్బంది. మోతాదు యూనిట్లలో కాకుండా మిల్లీగ్రాముల్లో ఉండడంతో తికమక. ధర సూదిమందుకంటే ఎక్కువ, చక్కెరను అదుపు చేయడంలో మాత్రం దాన్ని మించింది కాదు. మరి బీమా కంపెనీ అదనంగా ఎందుకు కడుతుంది? 2007 అక్టోబరులో ఫైజర్ ఆ మందును వదులుకుంది. దాని కింద సుమారు 280 కోట్ల డాలర్ల నష్టం చూపించింది. సైన్సు పనిచేసింది. ముగ్గురూ ఒప్పుకోలేదు, అంతే.

మీ కేసులోని మందును ఇలాగే ఈ ముగ్గురి ముందూ నిలబెట్టి చూడండి.

4. రోగుల లెక్కను కిందినుంచి కట్టండి

‘ఇది వేల కోట్ల మార్కెట్, అందులో ఒక్క శాతం మనకు వచ్చినా చాలు’ అనే వాదన న్యాయనిర్ణేతల దగ్గర నిలవదు. ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒక అరుదైన జబ్బు 20,000 మందికి ఉంది. నిర్ధారణ అయినవారు సగం, అంటే 10,000. వారిలో ఈ మందుకు సరిపోయే జన్యు లోపం ఉన్నవారు 40 శాతం, అంటే 4,000. బీమా ఒప్పుకునేది 70 శాతానికి, అంటే 2,800 మందికి. వారిలో నిజంగా వాడేవారు సగమే అనుకుంటే మిగిలేది 1,400. ఏడాదికి లక్ష డాలర్ల ధర పెడితే వచ్చేది 14 కోట్ల డాలర్లు. మొదటి అంకెతోనే గుణించి ఉంటే 200 కోట్లని చెప్పేవారు. ఈ లెక్క మరో మేలు కూడా చేస్తుంది. నిర్ధారణ దగ్గరే సగం మంది జారిపోతున్నారని కనిపించినప్పుడు, ప్రకటనలకంటే జన్యు పరీక్షల మీద ఖర్చు పెట్టడమే మంచిదని మీ సిఫారసు తనంతట తానే తేలుతుంది.

5. చట్టాలు, గడువులు చూసుకోండి

అమెరికాలో 2 లక్షల మందికంటే తక్కువ మందికి వచ్చే జబ్బు మందుకు 1983 నాటి అనాథ ఔషధాల చట్టం కింద పోటీ లేకుండా అమ్ముకునే ఏడేళ్ళ ప్రత్యేక హక్కు దొరుకుతుంది. జీవకణాల నుంచి తయారయ్యే బయాలజిక్ మందులకైతే వేరే చట్టం కింద అలాంటి హక్కు 12 ఏళ్ళు. ఆదాయం ఎన్నేళ్ళు నిలుస్తుందో వీటిని బట్టే తేలుతుంది. మనుషుల మీద ట్రయల్స్ మొదలైన మందుల్లో చివరికి అనుమతి దాకా చేరేవి సుమారు పదింట ఒకటి. లెక్కలో ఆ తరుగు కూడా వేయండి.

6. సిఫారసును మొదటి స్లైడులోనే చెప్పండి

‘కొనండి’ లేదా ‘కొనవద్దు’. తరువాత కారణాలు, ఆపైన ముప్పులు. ఏ ఫలితం వస్తే మీ మాట మార్చుకుంటారో కూడా చెప్పండి. అది బలహీనత కాదు. ఈ రంగంలో పనిచేసినవారు ముందుగా వెతికేది అదే.

7. ప్రశ్నలకు సాధన చేయండి

మాట్లాడటానికి ఇచ్చిన సమయం కంటే ప్రశ్నల సమయమే తీర్పును ఎక్కువగా మారుస్తుందని నా నమ్మకం. కేసు చదవని స్నేహితులను కూర్చోబెట్టి అడగమనండి. ధర గురించి ఎవరు జవాబివ్వాలో, ట్రయల్స్ గురించి ఎవరో ముందే పంచుకోండి. రోగుల లెక్కలో ప్రతి శాతం ఎక్కడినుంచి వచ్చిందో చూపే స్లైడు ఒకటి చివర విడిగా ఉంచుకోండి. ‘ఈ 40 శాతం ఎలా వచ్చింది?’ అని అడిగినప్పుడు దాన్ని తెరవడానికి సిద్ధంగా ఉండాలి.