కామన్ గుడ్ జాబితాపై అభిప్రాయం పంపే ముందు

స్కాట్లండ్‌లో పాత పట్టణ పాలక సంస్థల (బర్గ్‌ల) నుంచి కౌన్సిళ్లకు సంక్రమించిన ఉమ్మడి ఆస్తినే కామన్ గుడ్ అంటారు. 2015 నాటి కమ్యూనిటీ ఎంపవర్‌మెంట్ (స్కాట్లండ్) చట్టం ప్రకారం, ఈ ఆస్తుల రిజిస్టరు ఖాయం చేసేముందు కౌన్సిల్ ముసాయిదా జాబితాను ప్రజల ముందు పెట్టాలి.

- గడువు తేదీ చూసుకోండి.
- 'మా ఊరి పార్కు' అని రాస్తే చాలదు. వీధి పేరు, హద్దులు రాసి, పాత పటం దొరికితే జతచేయండి.
- బర్గ్‌లు 1975లో రద్దయ్యాయి. అంతకుముందు ఆ స్థలం ఎవరిచ్చారు, ఏ షరతుపై ఇచ్చారు అన్నదే అసలు సంగతి. దానపత్రాలు, బర్గ్ సమావేశాల మినిట్స్ వెతకండి. 'మా తాత చెప్పాడు' అన్నది ఆధారాల వేటకు పనికొస్తుంది, రుజువుగా నిలవడం కష్టం.
- భూములు, భవనాలతో ఆగకండి. ప్రోవోస్ట్ (మేయర్ లాంటి పదవి) మెడలో వేసుకునే గొలుసు, టౌన్‌హాలు గోడమీది తైలవర్ణ చిత్రం కూడా ఉమ్మడి సొత్తు కావచ్చు. అందరూ మరిచేది వీటినే.
- అసలు పత్రాలు దగ్గరుంచుకుని నకళ్లే పంపండి.