లైన్‌బ్యాకర్‌ని అంచనా వేయడం, 4వ పాఠం: స్నాప్ తర్వాత మొదటి సెకను

ఒక హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ఫిల్మ్ చూసి లైన్‌బ్యాకర్లకి (డిఫెన్స్‌లో ముందు వరుస వెనక నిలబడేవాళ్లు) మార్కులు వేయమని పోయినసారి ఇచ్చిన పనికి మీరు పంపిన జవాబులన్నీ చదివాను. దాదాపు అందరూ ఒకే కుర్రాడికి ఎక్కువ మార్కులు వేశారు, ఆ ఆటలో ఎక్కువ టాకిల్స్ (బంతి పట్టుకున్నవాణ్ని పడేయడం) చేసినవాడికి. ఈ పాఠంలో పాస్ కవరేజ్, అంటే పాస్ పట్టబోయేవాళ్లని అడ్డుకోవడం, చెప్పాలి, కానీ ఇది సరిచేయకుండా ముందుకెళ్తే ఆ తర్వాత చెప్పేదేదీ ఎక్కదు. కవరేజ్ వచ్చే పాఠంలో చూద్దాం.

మైక్, విల్, శామ్ (లైన్‌బ్యాకర్ల మూడు స్థానాలు) ఎక్కడ నిలబడతారో, 4-3కీ 3-4కీ (లైన్‌మన్, లైన్‌బ్యాకర్ల సంఖ్యని బట్టి డిఫెన్స్ అమరికలు) తేడా ఏంటో మళ్లీ చెప్పను. అవి ఇంకా తికమకగా ఉంటే ముందు రెండో పాఠం చదివి రండి.

టాకిల్స్ లెక్కను నమ్మొద్దని ఎందుకంటున్నానో వివరంగా చెప్తాను. హైస్కూల్ ఆటల్లో ఆ లెక్క రాసేది మామూలుగా ఆ స్కూల్ మనుషులే. కుప్పలో నలుగురు పడితే నలుగురికీ అసిస్ట్ రాసేవాళ్లున్నారు, మొదట తగిలినవాడికి మాత్రమే రాసేవాళ్లూ ఉన్నారు. అందుకే రెండు స్కూళ్ల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చడం దండగ. సరే, లెక్క నిజాయితీగానే రాశారనుకుందాం, అప్పుడు కూడా టాకిల్ ఎక్కడ జరిగిందో ఆ అంకెలో ఉండదు. ప్లే మొదలైన లైన్ దగ్గరే రన్నర్‌ని ఆపేసినా, ఎనిమిది గజాలు పోయాక వెనకనుంచి కాళ్లు పట్టి పడేసినా పుస్తకంలో రెండూ ఒకటే. ముందున్న డిఫెన్సివ్ లైన్ బలహీనంగా ఉంటే ప్రతి రన్నూ లైన్‌బ్యాకర్ దాకా వచ్చేస్తుంది, వాడి లెక్క పెరుగుతుంది. సొంత ఆఫెన్స్ మూడు డౌన్లు (ప్రయత్నాలు) ఆడి పంట్ కొట్టేసి, అంటే బంతిని తన్ని అవతలివాళ్లకి ఇచ్చేసి, వచ్చేస్తుంటే డిఫెన్స్ రాత్రంతా గ్రౌండ్‌లోనే ఉంటుంది, అప్పుడూ పెరుగుతుంది. తప్పు వైపు అడుగేసి, ఆలస్యంగా వెనక్కి తిరిగి, తన వేగంతో ఎలాగో పట్టుకున్నా అదీ టాకిలే. ఇంకోడు ప్లేని సరిగ్గా చదివి తన గ్యాప్ (తను కాపాడాల్సిన సందు) మూసేస్తాడు, రన్నర్ దారిలేక పక్కకి తిరిగి వేరేవాడి చేతుల్లో పడతాడు, అసలు పని చేసినవాడి పేరు ఎక్కడా ఉండదు. ఫుట్‌వర్క్ చూడకుండా స్కోర్‌కార్డ్‌లో ఫోర్లు లెక్కపెట్టి బ్యాట్స్‌మన్‌ని ఎంపిక చేస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

మీకిచ్చిన ఫిల్మ్‌లోనే రెండో క్వార్టర్‌లో ఒక కౌంటర్ ప్లే (ఒకవైపు వెళ్తున్నట్టు చూపి రెండోవైపు పరిగెత్తేది) ఉంది, దాన్ని మళ్లీ పెట్టుకుని స్లో మోషన్‌లో చూడండి. స్నాప్ కాగానే, అంటే బంతి వెనక్కి అందించి ప్లే మొదలుకాగానే, రన్నింగ్ బ్యాక్ (బంతి తీసుకుని పరిగెత్తేవాడు) తన ఎడమకి ఒక అడుగేస్తాడు. అది మోసం. అదే క్షణంలో ఎడమ గార్డ్, ఎడమ టాకిల్ (ఆఫెన్స్ ముందు వరుసలో దారి చేసే ఆటగాళ్లు, ఇక్కడ టాకిల్ అంటే స్థానం పేరు) తమ చోటు వదిలేసి కుడివైపుకి పరిగెడుతున్నారు. మీ అందరికీ నచ్చిన ఆ తెల్ల స్లీవ్ కుర్రాడు బ్యాక్‌ని చూస్తున్నాడు కాబట్టి ఆ మోసపు అడుగు వెంటే వెళ్లిపోయాడు. పక్కనున్న పొట్టివాడు గార్డ్‌ని చూస్తున్నాడు. గార్డ్ భుజం తిరగడమే ఆలస్యం, వాడి పాదం అటు పడింది. సందు దగ్గరికి ముందే చేరి, ఎదురొచ్చిన టాకిల్‌ని భుజంతో ఢీకొని అక్కడే నిలబెట్టేశాడు. సందు మూసుకుపోయింది. రన్నర్ బయటికి తిరిగి సైడ్‌లైన్ వైపు పరిగెత్తాడు, తెల్ల స్లీవ్ కుర్రాడు అటునుంచి ఇటు గ్రౌండంతా దాటి వచ్చి తొమ్మిది గజాల దగ్గర పడేశాడు. జనం లేచి నిలబడ్డారు. హైలైట్స్ రీల్‌లో ఆ ప్లే తప్పకుండా ఉంటుంది, పొట్టివాడి రీల్‌లో ఉండదు.

తెల్ల స్లీవ్ కుర్రాడికి వేగం ఉంది, అది నిజం, దాన్ని తక్కువ చేయను. కాలేజీకి వెళ్లాక మాత్రం అవతలి రన్నర్ కూడా అంతే వేగంగా ఉంటాడు, తప్పు అడుగుని సరిదిద్దుకునే టైమ్ ఉండదు.

కాబట్టి నియమం ఇది: స్నాప్ నుంచి ఒక సెకను, అంతవరకే చూసి ఆపండి. బంతిని చూడకండి. గార్డ్ హెల్మెట్ కిందికి దిగి ముందుకొస్తే రన్, పైకి లేచి వెనక్కి తగ్గితే పాస్, పక్కకి పరిగెత్తితే వాడి వెనకాలే ప్లే ఉంది. లైన్‌బ్యాకర్ మొదటి అడుగు దానికి తగ్గట్టు పడిందా లేదా, అంతే. స్నాప్ కాగానే ఏ కారణమూ లేకుండా వెనక్కి ఒక అడుగు వేసే అలవాటు చాలామందికి ఉంటుంది, దాన్ని విడిగా రాసుకోండి. అది నేర్పితే పోయే తప్పు. గార్డ్‌ని చూడకపోవడం అంత తేలిగ్గా పోదు.

ఒక మినహాయింపు ఉంది. ఆర్‌పీఓ (రన్-పాస్ ఆప్షన్) ప్లేలో గార్డ్ రన్ బ్లాకే చేస్తాడు, క్వార్టర్‌బ్యాక్ (పాస్ విసిరేవాడు) మాత్రం బంతిని బ్యాక్ పొట్ట దగ్గర పెట్టి సరిగ్గా ఈ లైన్‌బ్యాకర్‌నే గమనిస్తుంటాడు. వీడు ముందుకొస్తే వీడి వెనక ఖాళీలోకి పాస్, ఆగితే రన్. ఎటు కదిలినా తప్పే అవుతుంది, అలాంటి ప్లేలకి మార్కులు వేయకండి. కాలేజీలో పాస్ వేసే ప్లేలో కూడా లైన్‌మన్ 3 గజాల దాకా ముందుకెళ్లొచ్చు కాబట్టి అక్కడ ఈ ఇబ్బంది చాలా రాష్ట్రాల హైస్కూల్ ఆటల కంటే ఎక్కువ.

చిన్న స్కూల్ కుర్రాళ్లని ఎలా కొలవాలని ఇద్దరు ముగ్గురు అడిగారు. బలహీనమైన టీమ్ మీద ఇరవై టాకిల్స్ చేస్తే దాని విలువ ఎంతో తేల్చలేం, కానీ మొదటి అడుగు ఎవరి మీద ఆడినా మొదటి అడుగే. లేటన్ వాండర్ ఎష్ ఐడహోలో రిగ్గిన్స్ అనే చిన్న ఊళ్లో ఎనిమిది మంది ఆడే ఫుట్‌బాల్ ఆడాడు, స్కాలర్‌షిప్ లేకుండా వాక్-ఆన్‌గా బాయ్‌సీ స్టేట్‌లో చేరాడు, 2018లో ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో 19వ పిక్‌గా డాలస్ కౌబాయ్స్ తీసుకుంది. జేవెన్ కాలిన్స్ ఓక్లహోమాలో హోమినీ అనే ఊరివాడు, హైస్కూల్‌లో క్వార్టర్‌బ్యాక్ కూడా. తల్సాలో చేరి 2020లో నగుర్‌స్కీ అవార్డు (కాలేజీలో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడికి ఇచ్చేది) కొట్టాడు. సిన్సినాటీ నుంచి బోస్టన్ కాలేజీకి వెళ్లిన లూక్ కీక్లీకి హైస్కూల్ ఆటగాళ్లకిచ్చే రేటింగ్‌లో మూడు స్టార్లే ఇచ్చారు, 2011లో బట్కస్ అవార్డు (ఉత్తమ లైన్‌బ్యాకర్‌కి ఇచ్చేది) వాడిదే. అలాగని స్టార్లన్నీ అబద్ధమని కాదు. మాంటై టియో 2008లో హైస్కూల్ బట్కస్, 2012లో కాలేజీ బట్కస్ రెండూ గెలిచాడు. నేనైతే నా మార్కులు వేయడం పూర్తయ్యేదాకా స్టార్లు చూడను, ఎందుకంటే ఆ అంకె ఒకసారి కంట్లో పడితే తప్పు అడుగు కూడా ఒప్పులాగే కనిపిస్తుంది.

నా అలవాట్లు ఇంకో రెండు చెప్తాను, నచ్చితే పాటించండి. నాలుగో క్వార్టర్ ముందు చూస్తాను, అలిసిపోయాక కూడా గార్డ్‌ని చూస్తున్నాడంటే అది వాడికి అలవాటైపోయిందని అర్థం. రెజ్లింగ్ చేసే కుర్రాడంటే నాకు మొగ్గు ఎక్కువ, నడుము వంచి కింద నుంచి తోయడం వాడికి ముందే వచ్చి ఉంటుంది.

గ్రౌండ్ సంగతి ఒకటి. హైస్కూల్ హాష్ మార్కులు (ప్రతి ప్లేకీ బంతిని వీటి మీదో మధ్యలోనో పెడతారు) 160 అడుగుల వెడల్పుని సరిగ్గా మూడు భాగాలు చేస్తాయి, కాలేజీలో వాటి మధ్య దూరం 40 అడుగులే. అంటే హైస్కూల్‌లో బంతి హాష్ మీద ఉంటే ఇరుకు వైపు 53 అడుగులకి కాస్త ఎక్కువ, కాలేజీలో 60. ఎప్పుడూ ఇరుకు వైపే ఆడే లైన్‌బ్యాకర్‌కి సైడ్‌లైన్ సాయం చేస్తుంటుంది, వాడి మార్కుల్లో అది గుర్తుపెట్టుకోండి.

ఇక ఈసారి పని. ఒకే లైన్‌బ్యాకర్, ఒక పూర్తి ఆట, హైలైట్స్ వద్దు. దొరికితే ఎండ్ జోన్ (గ్రౌండ్ చివరి భాగం) కెమెరా ఫిల్మ్ తీసుకోండి, పక్కనుంచి తీసిన దాంట్లో గార్డ్‌లు ఒకరి వెనక ఒకరు దాక్కుంటారు. టెక్సస్‌లో ఫ్రిస్కో, ప్లానో వైపు ఉన్నవాళ్లు శుక్రవారం రాత్రి స్టేడియంలోనే చూడాలనుకుంటే 50 గజాల గీత దగ్గర కాకుండా మూలన కూర్చోండి. ఫిల్మ్ చూసేవాళ్లు క్వార్టర్‌బ్యాక్, రన్నింగ్ బ్యాక్ ఉండే చోట స్క్రీన్ మీద కాగితం ముక్క అంటించి చూడండి. ప్రతి స్నాప్‌కీ ఒక సెకను దగ్గర ఆపి గార్డ్ ఏం చేశాడు, వీడు ఎటు అడుగేశాడు రాసుకోండి, కాగితం తీసి ప్లే మొత్తం చూశాక టాకిల్ ఎన్ని గజాల దగ్గర జరిగిందో పక్కన రాయండి, చేసింది వాడు కాకపోయినా సరే. అన్ని స్నాప్‌లూ, మధ్యలో వదిలేయొద్దు. ఒక్క కూర్చోవడంలో అవదు, రెండు మూడు సాయంత్రాలు పెట్టుకోండి. మూడో డౌన్ ప్లేల పక్కన చుక్క పెట్టి ఉంచండి, కవరేజ్ పాఠం వాటితోనే మొదలుపెడతాను.