హార్డ్ డిస్క్ పెట్టగానే వైఫై పోతోందా?

ల్యాప్‌టాప్‌కి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెట్టి ఫోటోలు కాపీ చేయడం మొదలుపెట్టగానే వైఫై పడిపోతుంటే, రౌటర్‌ని తిట్టకండి. వైఫైని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్లు, మళ్లీ ఎక్కించే పని కూడా ఇప్పుడే పెట్టుకోవద్దు. ముందు ఆ డిస్క్ కేబుల్ పీకి చూడండి. నిమిషంలో సిగ్నల్ గీతలు మళ్లీ నిండితే దొంగ దొరికినట్టే.

ఇలాంటి డిస్కులు చాలావరకు వాడే యూఎస్‌బీ 3.0 కనెక్షన్‌లో డేటా సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో పరిగెడుతుంది. ఆ పరుగులో పుట్టే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా పడుతుంది. మన పాత వైఫై, బ్లూటూత్, వైర్‌లెస్ మౌస్ అన్నీ ఉండేది అక్కడే. ఇంటెల్ 2012లోనే దీని మీద ఒక పత్రం విడుదల చేసింది. మా ఇంట్లో అయితే డిస్క్ లైటు మినుకుమినుకుమన్నంతసేపూ మౌస్ బాణం ఆగి ఆగి కదిలేది. నేను సెల్ అయిపోయిందనుకుని రెండుసార్లు మార్చాను కూడా!

అన్నిటికంటే బాగా పనిచేసేది వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చడం. రౌటర్‌లో రెండు పేర్లు కనిపిస్తే చివర 5జీ అని ఉన్నదానికి కనెక్ట్ అవ్వండి. గోడలు దాటి అంత దూరం రాదు గానీ, అదే గదిలో ఉంటే ఇబ్బంది లేదు. అది కుదరకపోతే డిస్క్‌ని అవతలి వైపు పోర్టుకి మార్చి, మంచి షీల్డింగ్ (రొద బయటికి పోకుండా ఆపే లోహపు తొడుగు) ఉన్న కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కాస్త ఎడంగా పెట్టండి. మౌస్ డాంగిల్‌కైతే (పోర్టులో పెట్టే చిన్న రిసీవర్) చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్ చాలు. డాంగిల్ ఆ పోర్టు పక్కనుంచి ఒక జానెడు దూరం జరిగినా తేడా తెలుస్తుంది.