చలికాలం పిట్టల లెక్క: ఈబర్డ్‌లో పనికొచ్చేలా రాయడం

ప్రకాశం బ్యారేజీ దగ్గర ఫలానా పిట్ట కనబడిందని వాట్సాప్‌లో పెడితే అది కబురే గానీ రికార్డు కాదు. ఎక్కడ, ఎన్నింటికి, ఎంతసేపు చూశారు, ఎన్ని ఉన్నాయి అన్న నాలుగూ ఉంటేనే రికార్డు. పేరు తప్పు పడితే తర్వాత దిద్దుకోవచ్చు. లెక్క, వేళ మాత్రం అప్పటికప్పుడు రాయకపోతే మళ్లీ దొరకవు.

చూసిన పిట్టల్ని నమోదు చేసే ఈబర్డ్ యాప్ వేసుకుని, ఇంట్లో వైఫై ఉండగానే మన ప్రాంతం పిట్టల పేర్ల ప్యాక్ దించుకోండి. ఊరి బయట సిగ్నల్ లేకపోయినా పని ఆగదు. బైనాక్యులర్ 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, 42 మి.మీ. అద్దం) చాలు. 10x అయితే చెయ్యి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది.

చోటుకి చేరగానే చెక్‌లిస్ట్ మొదలుపెట్టండి, ఇంటికొచ్చాక కాదు. సమయం, నడిచిన దూరం యాప్ తనే రాసుకుంటుంది. ఒక్కో చోటుకి ఒక్కో లిస్టు. పొద్దున ప్రకాశం బ్యారేజీ, సాయంత్రం ఉప్పలపాడు చెరువు కలిపి ఒకటే లిస్టు పెడితే ఏ పిట్ట ఎక్కడిదో తేలదు. నడిచే లిస్టు ఎనిమిది కిలోమీటర్లు దాటకూడదు. కిలోమీటరు, రెండు కిలోమీటర్ల ముక్కలైతే ఇంకా మంచిది. ఆఖర్న ‘గుర్తుపట్టినవన్నీ రాశారా?’ అని యాప్ అడుగుతుంది. కాకుల్ని, గోరింకల్ని, పావురాల్ని వదిలేసి కొత్త పిట్టల్నే రాసినవాళ్లు అక్కడ ‘అవును’ కొట్టకూడదు. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కాకి రాయకుండా ‘అవును’ కొడితే, ఆ రోజు అక్కడ కాకి లేదని లెక్కలోకి వెళ్తుంది!

వేళ సంగతి. బ్యారేజీ దగ్గర పొద్దున ఎగువ వైపు, అంటే భవానీ ద్వీపం వైపు చూడండి. ఎండ వెనక నుంచి పడుతుంది కాబట్టి రంగులు తెలుస్తాయి. దిగువ ఇసుక తిన్నెలు సాయంత్రానికి బాగుంటాయి. పొగమంచు రోజుల్లో ఎనిమిది దాకా ఆగడమే మేలు. మసకలో గల్ పక్షులన్నీ ఒకేలా ఉంటాయి. డెల్టా మాగాణుల్లో కోతలై మినుము చల్లాక జిట్టంగిలు, పిల్లిగద్దలు దిగుతాయి. అక్కడ గట్టు మీద నుంచే చూడండి, మొలకల్లోకి దిగొద్దు.

గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో సర్కారు తుమ్మల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగొట్టు కొంగలు ఉంటాయి. గులాబీ గోరింకలు సాయంత్రం గుంపులు గుంపులుగా వాలతాయి. డిసెంబరులో ఐదున్నరకే పొద్దుగుంకుతుంది గనక నాలుగున్నరకల్లా అక్కడ ఉండాలి.

అసలు పరీక్ష ఈ గోరింకలే. మబ్బులా వచ్చే గుంపును ఒక్కొక్కటిగా లెక్కించలేరు. ముందు గుంపు అంచున పదింటిని విడిగా లెక్కపెట్టండి, ఆ పది ఎంత మేర ఆక్రమించాయో కంటికి ఆనించుకోండి. అలాంటి పది కలిపితే వంద. ఇక ఆ వంద ముక్కతో గుంపంతా కొలుచుకుంటూ పోండి. గుంపు మధ్యలో ఒత్తుగా, చివర్లలో పలచగా ఉంటుంది. అంచున తీసిన కొలతే మధ్యకూ వాడితే లెక్క తక్కువ పడుతుంది, అక్కడ వంద ముక్కను చిన్నది చేసుకోండి. వరసగా దాటుతుంటే ఒక స్తంభాన్ని గురుతుగా పెట్టుకుని, నిమిషానికి ఎన్ని దాటాయో చూసి మొత్తం నిమిషాలతో హెచ్చించండి. ఫొటో తీసుకుంటే ఇంటి దగ్గర సరిచూసుకోవచ్చు. అంకె లేకుండా ‘ఉన్నాయి’ అని మాత్రమే చెప్పే ‘ఎక్స్’ పెట్టి ఊరుకోవడం కంటే ఉజ్జాయింపు అంకె ఎంతో నయం.

కొంగల దగ్గర తప్పు వేరేలా వస్తుంది. అవి మేతకు వెళ్లి మళ్లీ వస్తుంటాయి. వచ్చినవన్నీ కూడితే ఒకటే పక్షి మూడుసార్లు పడుతుంది. ఒకేసారి కనబడినవాటిలో పెద్ద అంకె రాయండి. ఆకుల చాటున ఉండొచ్చని ఊహించి కలపొద్దు.

పేర్ల దగ్గర రెండు చిక్కులు. చలికాలంలో బ్రౌన్‌హెడెడ్, బ్లాక్‌హెడెడ్ గల్ రెండిటికీ తల తెల్లగా, చెవి దగ్గర నల్ల మచ్చతో ఉంటుంది. తల చూసి లాభం లేదు. ఎగిరే దాకా ఆగండి. బ్రౌన్‌హెడెడ్‌కు రెక్క కొస నల్లగా ఉండి అందులో తెల్ల మచ్చలుంటాయి. బ్లాక్‌హెడెడ్‌కు రెక్క ముందంచు పొడుగునా తెల్ల పట్టీ ఉంటుంది. రెండోది ఉల్లంకులు, అంటే శాండ్‌పైపర్లు. తోక ఆడిస్తూ, భుజం ముందు తెల్లటి చీలిక కనబడితే కామన్ శాండ్‌పైపర్. కాళ్లు పసుపుగా, కంటిపై పొడవాటి తెల్ల గీత, వీపు మీద చుక్కలుంటే వుడ్ శాండ్‌పైపర్. లేచినప్పుడు నడుం తెల్లగా, రెక్కల అడుగు బాగా నల్లగా ఉంటే గ్రీన్ శాండ్‌పైపర్. తేలకపోతే ‘శాండ్‌పైపర్ జాతి’ అని రాయడం నామోషీ కాదు. మెర్లిన్ యాప్ కూత విని చెప్పిన పేరు కూడా మీరు విని, వీలైతే చూసి ఒప్పుకుంటేనే రాయండి.

జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన, ఫిబ్రవరిలో నాలుగు రోజుల గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఉంటాయి. రెండోదానికి కనీసం పదిహేను నిమిషాలు చూడాలి. గూళ్ల దగ్గర ఫ్లాష్ వద్దు, డ్రోన్ అసలే వద్దు. తల్లిపక్షి బెదిరి లేస్తే గూట్లో పిల్లలు కాకుల పాలు.

యాప్ అరుదైనదని ఎర్రగా చూపిస్తే ‘నాకు బాగా తెలుసు’ అని రాయొద్దు. ముక్కు, కాళ్ల రంగు, కూత, ఎంత దూరంలో ఉంది, దగ్గరి జాతి ఎందుకు కాదనుకున్నారు అన్నవి రాయండి. రికార్డులు సరిచూసే ఈబర్డ్ పరిశీలకుల నుంచి ఈమెయిల్ వస్తే అది నిలదీయడం కాదు. ఫొటో ఎంత మసకగా ఉన్నా లిస్టుకే జోడించి జవాబివ్వండి, లేదా అనుమానముంటే పేరు మార్చేయండి.